బండి తిరగలేదుగా అంటే కుదరదు!

కూచిపూడి అనగానే మనకి గజ్జెల చప్పుడు వినిపిస్తుంది. ఆ ఊరి నుంచి ఉత్తరం వచ్చిందంటే భామాకలాపం గురించో, పిల్లల రంగప్రవేశం గురించో రాసివుంటారనుకుంటాం. ఈ వారం వచ్చిన ఉత్తరం మాత్రం కారు ఇంజన్ ఆయిలు గురించి! రాసింది ఓ కోడలు పిల్ల. నాలుగు పేజీలు. చదువుతుంటే నవ్వూ వచ్చింది, కాస్త దిగులూ వేసింది.

పోయిన దసరాకి కొత్త కారు కొన్నారట. చిన్న పెట్రోలు బండి. చీటీ పాడిన డబ్బు కొంత, బ్యాంకు అప్పు కొంత. రిజిస్ట్రేషను ఆవిడ పేరు మీదే, నడిపేదీ ఆవిడే. మోపిదేవి తీసుకెళ్లి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నారు. ఆ మర్నాటి నుంచీ ఆయిలు పేచీ మొదలు. "వెయ్యి కిలోమీటర్లకల్లా ఆ ఆయిలు దింపించెయ్యాలమ్మా, లేకపోతే ఇంజను అరిగిపోద్ది" అని మావయ్యగారు. మొదటి సర్వీసుకి తీసుకెళ్తే షోరూం కుర్రాడు బండి చుట్టూ తిరిగి చూసి, కడిగి, "ఆయిలు ఇప్పుడు అక్కర్లేదు మేడం" అని పంపేశాడు. హైదరాబాదులో వున్న తమ్ముడు "పదివేలకి మార్పించక్కా" అన్నాడు. ఇక ఆయనగారు "పదకొండు నెలల్లో మూడువేలైనా తిరగని బండికి ఆయిలేంటి, దండగ!" అని తేల్చేశారు. "నలుగురూ నాలుగు మాటలంటే నేనెవరి మాట వినాలక్కయ్యా?" అని ఆ అమ్మాయి ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను, కబుర్లు తర్వాత. అమ్మాయ్, నీ బండికి ఏడాది నిండేలోగా ఆయిలు మార్పించు. ఎంత తిరిగిందన్న లెక్క పక్కన పెట్టు. మీ ఇంట్లో ముగ్గురు తమకు తెలిసిన బండి సంగతి తాము చెప్పారు, వాళ్లని తప్పు పట్టలేం. పూర్తిగా పక్కదారి పట్టించింది మీ ఆయన మాటే. విచిత్రమేమిటంటే మన డెల్టా ఊళ్లలో చాలా ఇళ్లల్లో చెల్లుబాటయ్యేదీ ఆ మాటే.

మావయ్యగారి మాట దగ్గరికొద్దాం. రుబ్బురోలు కొత్తగా కొన్నప్పుడు, లేదా కక్కు కొట్టించినప్పుడు మన అత్తగార్లు ఏం చేసేవారో గుర్తుందా? మొదటిసారే మినప్పప్పు వెయ్యరు. గుప్పెడు తవుడో, పాత బియ్యమో వేసి రుబ్బి, ఆ ముద్ద పారబోసేవారు. ఎందుకంటే అందులో రాతి పొడి వస్తుంది. గారె నోట్లో పెట్టుకుంటే కరకరమంటుంది. ఇంజనులోనూ అదే సంగతి. లోపల సిలిండరు గోడల మీద సన్నటి గీతలు కావాలనే గీస్తారు, రోలుకి కక్కు కొట్టినట్టు. ఆ గీతల్లో ఆయిలు నిలబడాలని. వాటి మీద పిస్టన్ రింగులు పైకీ కిందకీ రాసుకుంటూ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఒకదానికొకటి సర్దుకుంటాయి. ఆ సర్దుబాటులో కంటికి కనపడనంత ఇనప పొడి రాలి ఆయిల్లో కలుస్తుంది. వెనకటి రోజుల్లో ఇది మరీ ఎక్కువ. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కేదాకా మన వైపు కారంటే అంబాసిడరో, ఫియట్టో. అప్పటి ఇంజన్ల తయారీలో ఇప్పుడున్నంత నునుపు, శుభ్రం వుండేవి కావు. అందుకని మొదటి ఆయిలు త్వరగా దింపి పారబోసేవారు. అది తెలివైన పనే.

పైగా మావయ్యగారిది ట్రాక్టరు అనుభవం. కొత్త ట్రాక్టరుకి యాభై గంటలు నడవగానే మొదటి సర్వీసు, ఆయిలు మార్పు వుంటాయి. అక్కడ లెక్క కిలోమీటర్లు కాదు, గంటలు. దమ్ములో రోజంతా మోకాటి లోతు బురద దున్నే బండికి గంటల లెక్కే న్యాయం. ఆయన నోట వచ్చింది ఆ అనుభవమే.

ఇక మనలో చాలామందికున్న అనుమానం ఇంకోటి. "స్కూటీకి మొదటి సర్వీసులోనే ఆయిలు మార్చారు కదా, అంత ఖరీదు పెట్టి కొన్న కారుకి మార్చరా?" అని. స్కూటరు ఇంజనులో పట్టేది లీటరు లోపు ఆయిలు. చాలా స్కూటర్లలో వడపోతకి వుండేది సన్నటి జల్లెడ మాత్రమే. చిన్న గిన్నెలో చిటికెడు మసి పడినా తెలిసిపోతుంది కదా! చిన్న పెట్రోలు కారులో అయితే మూడు లీటర్లకి కాస్త అటూ ఇటూగా పడుతుంది. పైగా కాగితం ఫిల్టరు వుంటుంది. రాలిన పొడిని అది పట్టేసుకుంటుంది. అందుకే ఇప్పటి కార్లకి మొదటి సర్వీసు అంటే బిగింపులు చూడడం, కారుతున్నదేమన్నా వుందా అని చూడడం, అంతే. షోరూం కుర్రాడు పని ఎగ్గొట్టలేదు. కొన్ని కంపెనీలైతే, హోండా లాంటివి, ఫ్యాక్టరీలో పోసిన ఆయిలుని తొందరపడి తీసెయ్యొద్దని కూడా చెప్తాయి.

మావయ్యగారి మనసు నొప్పించడం ఇష్టంలేక వెయ్యికే మార్పిస్తే నష్టమా అంటే, సరైన గ్రేడు ఆయిలు పోయించి బిల్లు దాచుకుంటే బండికి జరిగే చెరుపేమీ లేదు. డబ్బే కాస్త ముందుగా ఖర్చవుతుంది. నన్నడిగితే ఆ డబ్బుతో ఏడాది చివర మార్పించుకోవడం మేలు.

తమ్ముడి మాట పుస్తకంలో మాట. కారుతో పాటు ఓ పుస్తకం ఇస్తారు చూడండి, ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా డాష్‌బోర్డు అరలో పడేసి దాని మీద విభూతి పొట్లం పెడతామే, అదే! అందులో సర్వీసు పట్టిక వుంటుంది. ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి ఆయిలు మార్పు "పదివేల కిలోమీటర్లు లేదా పన్నెండు నెలలు, ఏది ముందైతే అది" అని వుంటుంది. తమ్ముడు మొదటి సగం చదివి చెప్పాడు. హైదరాబాదులో ఆఫీసుకి రోజూ ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఆ సగం చాలు. వాళ్లకి పదివేలే ముందొస్తాయి. మొవ్వ దాకా ఓసారి, పామర్రు దాకా ఓసారి, నెలకో రెణ్నెల్లకో బెజవాడ వెళ్లొచ్చే నీకు ముందొచ్చేది నెలలే. "లేదా" తర్వాత మాటే నీది.

తిరగని బండిలో ఆయిలు ఎందుకు పాడవుతుందీ అని మీ ఆయన అడుగుతారు. అడగనీ. ఇది మాత్రం కాస్త వివరంగా చెప్పుకోవాలి.

పెట్రోలు మండితే పొగే కాదు, నీళ్లు కూడా పుడతాయి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరి రూపంలో వస్తాయి. పొద్దున్నే బండి తీస్తే సైలెన్సరు గొట్టంలోంచి చుక్కలు కారడం చూసేవుంటారు. ఆ ఆవిరిలో చాలావరకు బయటికే పోతుంది గానీ, కొద్దిగా రింగుల సందుల్లోంచి కిందకి జారి ఆయిల్లో చేరుతుంది. దాంతోపాటే మండకుండా మిగిలిన పెట్రోలు కాస్త. బండి అరగంట ఏకబిగిన నడిస్తే ఆయిలు బాగా కాగి, ఆ చెమ్మా పెట్రోలూ ఆవిరైపోతాయి. నాలుగు కిలోమీటర్లు పోయి ఆపేస్తే? ఇంజను నీళ్లు వేడెక్కినట్టు మీటరు చూపించినా ఆయిలు ఇంకా కాగి వుండదు. అన్నం గిన్నె మీద మూత పెట్టి వదిలేస్తే మూతకి పట్టిన చెమట మళ్లీ అన్నంలోకే కారుతుంది చూడండి, అలా లోపలి చెమ్మ లోపలే వుండిపోతుంది. మర్నాడు మళ్లీ నాలుగు కిలోమీటర్లు, మళ్లీ అంతే. ఆ చెమ్మ వల్ల ఆయిల్లో కలిపిన మందులు బలం తగ్గుతాయి. ఆమ్లాలు పుడతాయి. పలచబడిన చోట పలచబడి, జిగురుకట్టిన చోట జిగురుకడుతుంది. బీరువాలో పెట్టిన పట్టుచీరకి కట్టకపోయినా మడత దగ్గర చీకు పట్టినట్టే అనుకోండి.

అందుకే ఆ పుస్తకంలోనే ఇంకాస్త సన్నటి అక్షరాల్లో ఇంకో పట్టిక కూడా వుంటుంది. ఎప్పుడూ చిన్న ప్రయాణాలు చేసేవాళ్లకి, దుమ్ము రోడ్ల మీద తిరిగేవాళ్లకి, బండి ఆపి ఇంజను ఎక్కువసేపు ఆన్‌లో వుంచేవాళ్లకి గడువు తక్కువ అని, చాలా కార్లకి సగానికి సగం తగ్గించి రాస్తారు. మన సంగతి చూసుకోండి. కోతల రోజుల్లో రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తాం. నూర్పిళ్ల దుమ్ము, లారీల దుమ్ము. మధ్యాహ్నం ఏసీ కోసం ఆసుపత్రి ముందు ఇంజను ఆపకుండా కూర్చుంటాం. కంపెనీవాళ్లు "కష్టమైన వాడకం" అన్నది మనలాంటి వాడకాన్నే. ఊళ్లో చుట్టూ తిరగడానికి తప్ప బండి ఊరు దాటని ఇల్లయితే ఆర్నెల్లకోసారి మార్పించినా నేను దుబారా అనను.

ఇంకో రకం ఇళ్లున్నాయి. ఉత్తరం రాసిన అమ్మాయిది కాదుగానీ, గుడివాడ, అవనిగడ్డ, చల్లపల్లి వైపు వీధికి రెండేసి కనపడతాయి. కొడుకు అమెరికాలో, కూతురు బెంగుళూరులో. అమ్మానాన్నలకి ఆసుపత్రికి వెళ్లడానికని కారు కొనిచ్చి వెళ్లారు. డ్రైవరు పిలిస్తే వస్తాడు. బండి షెడ్డులో కవరు కింద వుంటుంది. "పాడవకుండా రోజూ పొద్దున్న స్టార్టు చేసి అయిదు నిమిషాలు వుంచుతున్నామమ్మా" అంటారు పెద్దాయన. ఆ అయిదు నిమిషాలే బండికి చేటు! ఇంజను వేడెక్కదు, చెమ్మ మాత్రం పుడుతుంది. దానికన్నా వారానికోసారి బయటికి తీసి అరగంట, ముప్పావుగంట ఆపకుండా తిప్పండి. మంగినపూడి సముద్రం దాకా వెళ్లొస్తే మనకీ గాలి, బండికీ గాలి. రెండేళ్లలో మూడువేలు తిరిగిన బండిని చూసి "కొత్తదే కదా" అని మురిసిపోతాం. లోపల మాత్రం రెండేళ్ల నాటి ఆయిలు. ఏ అర్ధరాత్రో పెద్దాయనకి గుండె నొప్పొచ్చి బెజవాడ పరిగెత్తించాల్సినప్పుడు పనికొచ్చేది ఆ బండే కదా, తల్లీ!

విదేశాల్లో వున్న పిల్లలు ఫోనులో బీపీ మాత్రలు వేసుకున్నారా అని అడిగేటప్పుడు బండి ఆయిలు తేదీ కూడా అడగొచ్చు. తేదీ గుర్తుండడానికి నేను చెప్పే ఉపాయం ఒక్కటే. కారు ఇన్సూరెన్సు కట్టే నెలలోనే ఆయిలు కూడా. కొన్నది ఒకే నెలలో కాబట్టి రెండూ కలిసే వస్తాయి.

సర్వీసుకి వెళ్లినప్పుడు మనల్ని చూసి "సార్ రాలేదా మేడం" అంటారు. అననివ్వండి. ఉచిత సర్వీసు అన్నంత మాత్రాన అంతా ఉచితం కాదని ముందే తెలుసుకుని వెళ్లండి. కూలి మాత్రమే ఉచితం. ఆయిలుకీ, ఫిల్టరుకీ డబ్బు మనమే కట్టాలి. ఆ ఉచితానికీ గడువుంది. మారుతి వాళ్ల బళ్లలో చాలావాటికి వెయ్యి కిలోమీటర్లు లేదా నెల, అయిదువేలు లేదా ఆర్నెల్లు, పదివేలు లేదా ఏడాది అని మూడు సర్వీసులుంటాయి. తిరగలేదని ఆర్నెల్ల సర్వీసు ఎగ్గొట్టివుంటే ఇవాళే ఫోను చేసి అడుగు. సర్వీసులు వరసగా చేయించినట్టు రాతలో లేకపోతే రేపు ఇంజనుకేదన్నా వచ్చినప్పుడు వారంటీ దగ్గర పేచీ పెడతారు. బిల్లులన్నీ బంగారం రసీదులు పెట్టుకునే చోటే పెట్టు.

ఆయిలు మార్చినప్పుడు ఫిల్టరూ మార్చాల్సిందే. అది వదిలేస్తే కడగని బిందెలో కొత్త నీళ్లు పట్టినట్టు. ఆయిలు దింపే బోల్టు కింద వుండే చిన్న వాషరు కూడా కొత్తది వేయమను, చుక్క చుక్క కారకుండా. ఇంజను ఫ్లష్షింగులు, అదేదో మందు పోస్తే మైలేజీ పెరుగుతుందనే మాటలు కొత్త బండికి అనవసరం. "వద్దండీ, పుస్తకంలో వున్నది మాత్రం చెయ్యండి" అంటే సరి. ఆ ఒక్క మాటతో వాళ్ల ధోరణే మారిపోతుంది.

ఏ ఆయిలు అన్నది కూడా పుస్తకమే చెప్తుంది. డబ్బా మీద 0డబ్ల్యూ-20 అనో, 5డబ్ల్యూ-30 అనో వుంటుంది. డబ్ల్యూ అంటే చలికాలం. ముందున్న అంకె చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో, వెనకున్నది వేడెక్కాక ఎంత చిక్కగా వుంటుందో చెప్తుంది. "మన ఎండలకి చిక్కటిదే మంచిదమ్మా" అని ఊళ్లో మెకానిక్కు 20డబ్ల్యూ-40 పోస్తానంటే ఒప్పుకోవద్దు. అది పాత బళ్లకి, చాలా మోటారు సైకిళ్లకి వాడే రకం. ఇప్పటి ఇంజన్లలో సందులు సన్నం, వాటికి పలచటి ఆయిలే కావాలి. సన్న జంతికల గొట్టంలో గట్టిపిండి పెడితే చెయ్యి నొప్పే కదా మిగిలేది!

నెలకోసారి ఆయిలు మట్టం చూసుకోవడం మనమే నేర్చుకోవచ్చు. బండిని చదునుగా వున్నచోట ఆపి, ఇంజను కట్టేసి పది నిమిషాలాగాలి. బానెట్టు ఎత్తి ఆయిలు గేజి పుల్లని లాగి, పాత నూలుగుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తియ్యాలి. తడి రెండు గుర్తుల మధ్య వుంటే సరిపోయినట్టే. కింద గుర్తుకన్నా తగ్గితే ప్రమాదం. పై గుర్తు దాటినా మంచిది కాదు, లోపల చిలికి నురగొస్తుంది. ఆవకాయ జాడీలో నూనె తేలుతూ వుండాలనుకునే అలవాటుతో ఇక్కడ ఎక్కువ పోయించకండి. రంగు చూసి భయపడనక్కర్లేదు. గారెలు వేయించిన నూనె నల్లబడితే మనం పారేస్తాం గానీ, ఇంజన్ ఆయిలు నల్లబడిందంటే లోపలి మసిని తనలోకి లాక్కుంటోందని అర్థం. డీజిలు బండిలో అయితే మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. నడుపుతుండగా ఎర్రటి నూనె డబ్బా బొమ్మ వెలిగితే మాత్రం ఇంటిదాకా వెళ్దాంలే అనుకోవద్దు. పక్కకి తీసి అక్కడికక్కడే ఇంజను ఆపెయ్యాలి.

గేజి పుల్లకి అంటింది పాలు కలిపిన కాఫీ రంగులో వుంటే ఆయిల్లో నీళ్లు కలిశాయన్నమాట. అప్పుడు నెలల లెక్కా లేదు, కిలోమీటర్ల లెక్కా లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు ఎన్ని బళ్లు నీళ్లలో నిలిచాయో మనం చూశాం. అలా మునిగిన బండిని, ఆరిందిగదా అని స్టార్టు చెయ్యకూడదు. ఇంజను లోపల నీళ్లుంటే ఒక్కసారి తాళం తిప్పగానే కడ్డీలు వంగిపోతాయి. తోయించుకునో, లాగించుకునో తీసుకెళ్లి, ఆయిలు దింపి చూడాల్సిందే. వానాకాలం కాలవ గట్ల మీద బళ్లు పెట్టే మనకి ఈ సంగతి తెలిసివుండాలి.

చివరగా దింపిన ఆయిలు సంగతి. షోరూంలో మార్పిస్తే దాన్ని వాళ్లే చూసుకుంటారు. ఊళ్లో మార్పిస్తే కొందరు కాలవలో వొంపేస్తారు, కొందరు చెద పట్టకుండా గుంజలకి పూస్తామని ఇంటికి పట్టుకెళ్తారు. ఒక్క కారు నుంచి తీసిన ఆయిలు పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లని పాడుచెయ్యగలదని అమెరికా పర్యావరణ సంస్థ లెక్కగట్టింది. మన చట్టం కూడా, 2016 నాటి నియమాల్లో, వాడిన ఆయిలుని ప్రమాదకర వ్యర్థాల కిందే చేర్చింది. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే ఆ కాలవ నీళ్లతోనే కదా మన మంచినీళ్ల చెరువులు నిండేది! దింపిన ఆయిలుని మూతున్న డబ్బాలోకి పట్టించి, వాడిన ఆయిలు కొనుక్కెళ్లేవాళ్లకి గానీ, మళ్లీ షోరూం వైపు వెళ్లినప్పుడు వాళ్లకి గానీ అప్పగించమని మెకానిక్కుకి ముందే చెప్పు. చెప్పి అక్కడే నిలబడు, డబ్బా మూత బిగించేదాకా.